వార్మ్ గేరు: నిష్పత్తి కన్నా తోపుడు ముందు చూడండి

ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో వార్మ్ గేర్ల మీదే ఎక్కువ. ఆరింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. వార్మ్ అంటే మరలాగా చుట్లు తిరిగిన ఇరుసు. దానికి అడ్డంగా కూర్చునే పళ్ల చక్రం వార్మ్ వీల్. ఒకే చుట్టు ఉన్న వార్మ్ (అంటే చుట్టు మొదలు ఒకటే, అదే చివరిదాకా తిరుగుతూ పోతుంది) ఒకసారి తిరిగితే చక్రం ఒక్క పన్ను జరుగుతుంది. చక్రానికి 40 పళ్లుంటే నిష్పత్తి 40:1. లెక్క అంతటితో అయిపోతే ఇన్ని ఉత్తరాలు వచ్చేవి కావు.

మా ప్రాజెక్టు రోబో చెయ్యి 30 సెం.మీ. పొడవు, సొంత బరువు 300 గ్రాములు. చివర అరకిలో ఎత్తాలి. కరెంటు ఆపగానే ధబీమని పడిపోతోంది. వార్మ్ గేరు పెడితే ఆగుతుందన్నారు. 30:1 కొనాలా, 60:1 కొనాలా? – డిప్లొమా విద్యార్థి, కావలి

ముందు భుజం దగ్గర ఎంత టార్క్ (తిప్పే బలం) కావాలో తేల్చండి. చెయ్యి నేలకు సమాంతరంగా చాచినప్పుడే భారం ఎక్కువ. చివరి అరకిలోకి 0.5 × 30 = 15 కిలో-సెం.మీ. చేతి బరువు మధ్యలో, అంటే 15 సెం.మీ. దగ్గర పడుతుంది కాబట్టి 0.3 × 15 = 4.5. మొత్తం 19.5. కదలిక మొదలయ్యేటప్పటి కుదుపుకు రెండింతలు వేసుకుంటే దాదాపు 40 కిలో-సెం.మీ.

ఇప్పుడు మోటారు సంగతి. ఒకే చుట్టున్న చిన్న వార్మ్‌లో సామర్థ్యం 35 శాతం దాకా ఉంటుందనుకోండి. మిగతాదంతా రాపిడిలో వేడిగా పోతుంది. 30:1 అయితే మోటారు 40 ÷ (30 × 0.35) = 3.8 కిలో-సెం.మీ. ఇవ్వాలి. 60:1 అయితే 1.9 చాలు. నిష్పత్తి పెరిగితే సామర్థ్యం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. వార్మ్ అదే అయితే తగ్గదు. సామర్థ్యం వార్మ్ చుట్టు వాలు మీద ఆధారపడుతుంది, చక్రం పళ్ల మీద కాదు.

రెండింటిలో ఏది అనేది తేల్చేది తోపుడు. చక్రం ఎంత బలంతో తిరుగుతుందో, అంత బలంతోనూ వార్మ్‌ను దాని ఇరుసు వెంట ముందుకో వెనక్కో తోస్తుంది. మాడ్యూల్ అంటే పళ్ల సైజు: చక్రం వ్యాసాన్ని మి.మీ.లో తీసుకుని పళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. మాడ్యూల్ 1, 30 పళ్ల చక్రం వ్యాసం 30 మి.మీ., అంటే వ్యాసార్ధం ఒకటిన్నర సెంటీమీటర్. 40 ÷ 1.5 చేస్తే దాదాపు 27 కిలోలు. ఆ బరువంతా నేరుగా మీ మోటారు ఇరుసు మీద పడితే, లోపలి చిన్న బుష్‌లు రోజుల్లోనే అరిగిపోతాయి. అదే మాడ్యూల్‌లో 60 పళ్లయితే తోపుడు సగానికి, 13 కిలోలకు దిగుతుంది. మాడ్యూల్ 0.5, 30 పళ్ల బుల్లి చక్రం కొంటే 53 కిలోలకు ఎక్కుతుంది. ప్లాస్టిక్ పళ్లు అక్కడ నిలవవు. కాబట్టి మీకు మాడ్యూల్ 1, 60 పళ్ల ఇత్తడి లేదా గన్‌మెటల్ చక్రం, ఉక్కు వార్మ్ తగినవి. వార్మ్ వ్యాసం 16 మి.మీ. అయితే రెండు ఇరుసుల మధ్య దూరం (16 + 60) ÷ 2 = 38 మి.మీ.

వార్మ్‌ను మోటారు ఇరుసుకే బిగించకండి. దానికి వేరే 8 మి.మీ. ఇరుసు పెట్టి, రెండు చివరలా 608 బేరింగులు వేయండి. లోపలి రంధ్రం 8, బయటి వ్యాసం 22, మందం 7 మి.మీ. ఉంటుంది, స్కేటింగ్ చక్రాల్లో వాడే బేరింగే, ఎక్కడైనా దొరుకుతుంది. వార్మ్ ఇటూ అటూ జరగకుండా రెండు వైపులా కాలర్లు బేరింగులకు ఆని ఉండాలి. మోటారుకూ ఆ ఇరుసుకూ మధ్య కప్లింగ్ పెట్టి, రెండు ఇరుసుల కొసల మధ్య ఒక మి.మీ. ఖాళీ వదలండి. కొసలు తగిలితే తోపుడు మళ్లీ మోటారుకే చేరుతుంది, పడ్డ శ్రమంతా వృథా.

చక్రాన్ని భుజం ఇరుసుకు ఒక్క గ్రబ్ స్క్రూతో (తల లేని చిన్న మరతో) బిగించడం ఇంకో తప్పు. 8 మి.మీ. ఇరుసు అంచు దగ్గర 40 కిలో-సెం.మీ. అంటే 100 కిలోల లాగుడు. గుండ్రటి ఇరుసు మీద గ్రబ్ స్క్రూ అంత పట్టదు, గీత గీసుకుంటూ జారిపోతుంది. అడ్డంగా రంధ్రం వేసి 3 మి.మీ. పిన్ను దించండి, లేదా కీ వే (అడ్డు ముక్క కూర్చునే గాడి) కోయించండి.

చెయ్యి రెండు సెకన్లలో 90 డిగ్రీలు లేవాలంటే భుజానికి 7.5 ఆర్పీఎం, 60:1 కి మోటారు 450 ఆర్పీఎం తిరగాలి. మీది స్టెప్పర్ (చిన్న చిన్న అడుగులుగా తిరిగే మోటారు) అయితే, దానికి వేగం పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది కాబట్టి 12 వోల్టులు కాకుండా 24 ఇవ్వండి. లేదా మూడు సెకన్లకు ఒప్పుకోండి, 300 ఆర్పీఎం చాలు.

ఇక కరెంటు ఆపితే ఆగుతుందా? చుట్టు వాలు రాపిడి కోణం కన్నా తక్కువగా ఉంటే చక్రం వార్మ్‌ను తిప్పలేదు. 16 మి.మీ. వ్యాసం, మాడ్యూల్ 1, ఒకే చుట్టు అయితే వాలు 3.6 డిగ్రీలు. గ్రీజు రాసిన ఉక్కు-ఇత్తడి జతకు రాపిడి గుణకం 0.1 అనుకుంటే రాపిడి కోణం 5.7 డిగ్రీలు. కాబట్టి ఆగుతుంది. అదే వార్మ్‌కు రెండు చుట్లుంటే వాలు 7.1 డిగ్రీలు, చెయ్యి నెమ్మదిగా జారిపోతుంది. కొనేటప్పుడు వార్మ్ కొస వైపు నుంచి చూడండి: చుట్టు మొదలు ఒకచోటే ఉందా, ఎదురెదురుగా రెండు చోట్ల ఉందా? జత చేతిలో ఉంటే ఒక పంటికి మార్కర్‌తో చుక్క పెట్టి వార్మ్‌ను ఒక పూర్తి తిప్పు తిప్పండి. చుక్క రెండు పళ్ల దూరం జరిగితే అది రెండు చుట్లది.

అయితే ఈ ఆగడాన్ని బ్రేకుగా లెక్కపెట్టకండి. పక్కన మోటారు అదురుతుంటే రాపిడి తగ్గి, ఆగిన చెయ్యి కొంచెం కొంచెంగా దిగుతుంది. కింద మనిషి చెయ్యి పెట్టే చోటైతే విడిగా బ్రేకు ఉండి తీరాలి. ఇంకొకటి, బరువుతో కిందికి దించేటప్పుడు చెయ్యి వణుకుతుంది. అది మీ ప్రోగ్రామ్ తప్పు కాదు. ఆగుతూ జారుతూ దిగడం ఈ గేరు స్వభావం. భుజం వెనక ఒక స్ప్రింగో ఎదురుబరువో కట్టి భారంలో సగం తీసేస్తే వణుకు చాలావరకు పోతుంది, మోటారూ చల్లగా ఉంటుంది.

వార్మ్ ఒకచోట, చక్రం ఇంకోచోట కొన్నాను. రెండూ 'మాడ్యూల్ 1' అనే అన్నారు. తిప్పితే పావు తిప్పుకే బిగుసుకుపోతోంది. – ఒంగోలు

స్టీలు స్కేలుకన్నా వెర్నియర్ మంచిది. వార్మ్ మీద ఒక చుట్టు అంచు నుంచి ఐదు చుట్ల అవతల అదే అంచు దాకా ఇరుసు వెంట కొలవండి. మాడ్యూల్ 1 అయితే 15.7 మి.మీ. రావాలి, ఎందుకంటే చుట్టుకు చుట్టుకు దూరం 3.14 మి.మీ. 16.6 వచ్చిందంటే అది అంగుళాల కొలత, 24 డీపీ (వ్యాసంలో అంగుళానికి 24 పళ్ల లెక్క) వార్మ్. 15 వచ్చిందంటే ఎవరో లేత్ మీద మామూలు 3 మి.మీ. పిచ్‌లో కోసేశారు. పన్నుకు 0.14 మి.మీ. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ ఒకేసారి మూడు పళ్లు కలిసే చోట మూడోది 0.28 పక్కకు పోయి, ఎక్కడానికి చోటు లేక బిగుస్తుంది. రెండింటినీ దూరం జరిపి నడిపిద్దామనుకోకండి. తిరుగుతుంది గానీ ఒక్క పన్నే భారమంతా మోసి అరిగిపోతుంది. తేడా లేకపోతే చుట్టు కుడివైపుదా ఎడమవైపుదా చూడండి. మామూలు బోల్టులా తిరిగితే కుడి. కుడి వార్మ్‌కు కుడి చక్రమే కావాలి.

సైన్స్ ఫెయిర్ కోసం బొమ్మ మోటారుకు తెల్ల ప్లాస్టిక్ వార్మ్ ఎక్కించాం. కాసేపు తిరిగి, మోటారు తిరుగుతున్నా వార్మ్ ఆగిపోతోంది. – తొమ్మిదో తరగతి విద్యార్థులు, బుచ్చిరెడ్డిపాళెం

బొమ్మ మోటారు ఇరుసు 2 మి.మీ. ఈ ప్లాస్టిక్ వార్మ్‌లు రెండు రకాలుగా వస్తాయి: బిగువుగా ఎక్కే 1.95 మి.మీ. రంధ్రానివి, వదులుగా తిరిగే 2.05 మి.మీ. రంధ్రానివి. మీకు రెండోది వచ్చింది. ఫెవిక్విక్ వేయకండి, అది ఇరుసు వెంట పాకి మోటారు బుష్‌లోకి పోతే మోటారే పోతుంది. బిగువుది తెచ్చి, మోటారు వెనక కనిపించే ఇరుసు కొసను ఒక మేకు తల మీద ఆనించి, పైనుంచి నెమ్మదిగా నొక్కండి. మోటారు డబ్బా మీద ఆనించి సుత్తితో కొడితే వెనక ప్లాస్టిక్ మూత లేచిపోతుంది. వార్మ్ మోటారుకు తగలకుండా అర మి.మీ. ఖాళీ ఉంచండి.

అల్లూరు దగ్గర మా రొయ్యల చెరువు గట్టున కారు వైపర్ మోటారుతో మేత యంత్రం చేసుకున్నాం. రోజుకు నాలుగుసార్లు స్క్రూ తిరిగి మేత వదలాలి. రెండు నెలలకే ఒకటి కాలింది, రెండోదానిలో చక్రం పళ్లు పోయాయి. – అల్లూరు

వైపర్ మోటారు లోపల ఉండేది వార్మే. ఉక్కు వార్మ్ మోటారు ఇరుసు మీదే కోసి ఉంటుంది, చక్రం చాలా వాటిలో ప్లాస్టిక్. మీకు రెండు వేర్వేరు జబ్బులున్నాయి.

కాలిపోయినది మేత ఇరుక్కోవడం వల్ల కావచ్చు. తేమకు గుళికలు ఉబ్బి స్క్రూలో పిండిలా గట్టిపడతాయి. స్క్రూ ఆగితే మోటారు ఆగిపోయి, మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. అడ్డుకునేది ఏదీ లేకపోతే తీగచుట్ట మాడుతుంది. తొట్టి సగం నింపి నడుపుతూ మీటరుతో కరెంటు కొలవండి. 3 ఆంపియర్లు వస్తే 5 ఆంపియర్ల ఫ్యూజు వేయండి, 15 కాదు. కారులో ఉన్న ఫ్యూజే ఇక్కడా అని వేయడం మామూలుగా జరిగే పొరపాటు. కారులో ఆ ఫ్యూజు తీగల కోసం, ఇక్కడ మీకు మోటారు కోసం కావాలి. చాలా వైపర్ మోటార్లలో డబ్బానే నెగటివ్ తీగ. ఇనుప స్టాండుకు బిగించి పాజిటివ్ తీగను ఎక్కడో ఒరిపిడికి వదిలేస్తే షార్ట్ అవుతుంది. ఫ్యూజు బ్యాటరీ పక్కనే, పాజిటివ్ తీగలో ఉండాలి.

ఇరుక్కున్నప్పుడు వెనక్కి తిప్పి వదిలించుకునే పద్ధతి కూడా పెట్టుకోండి: టైమర్‌తో ముందుగా రెండు సెకన్లు వెనక్కి, తర్వాత ముందుకి. వార్మ్ తనంతట వెనక్కి తిరగదు కాబట్టి, స్క్రూలో గట్టిపడ్డ మేత తోపుడు అలాగే పళ్లను నొక్కుతూ నిలిచిపోతుంది. రెండో మోటారు పళ్లు పోవడానికి అదొక కారణం.

ఇంకో కారణం ఉప్పు నీరు. పగలంతా ఎండలో డబ్బా వేడెక్కి లోపలి గాలి బయటికి పోతుంది. సాయంత్రం చల్లబడి గాలిని లోపలికి పీల్చేటప్పుడు రబ్బరు అంచు దగ్గరున్న నీటి చుక్కనూ పీలుస్తుంది. వార్మ్ మీద తుప్పు పడితే అది ప్లాస్టిక్ పళ్లకు ఆకురాయే. మూత విప్పి పాత గ్రీజు తుడిచేసి, నీటికి కరగని కాల్షియం గ్రీజు దట్టించి, మూత అంచుకు సిలికాన్ పూసి బిగించండి. డబ్బా కింది వైపు చిన్న రంధ్రం వేసి సన్నని గొట్టం కిందికి వంచి వదలండి. గాలి అక్కడినుంచి పీల్చుకుంటుంది, నీరు చేరదు. పైకి మూసేసి ఎక్కడా రంధ్రం లేకుండా చేయడం మంచిదనిపిస్తుంది గానీ, అలా చేస్తేనే రబ్బరు సీలు గుండా నీరు లాగుతుంది.

నక్షత్రాల ఫొటోల కోసం కెమెరాను తిప్పే ట్రాకర్ చేస్తున్నాను. 144 పళ్ల చక్రం దొరికింది, మాడ్యూల్ 0.5. ఇది పనికొస్తుందా? – నెల్లూరు

పనికొస్తుంది. ఆకాశం ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు, అంటే 86,164 సెకన్లు. 144తో భాగిస్తే వార్మ్ ఒక తిప్పుకు 598.4 సెకన్లు. తిప్పుకు 200 స్టెప్పుల మోటారును 16 మైక్రోస్టెప్పులతో (ఒక్కో స్టెప్పును 16 ముక్కలు చేసి) నేరుగా వార్మ్‌కు కలిపితే తిప్పుకు 3,200 అడుగులు. ఒక్కో అడుగుకు ఆకాశంలో 2.8 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). సెకనుకు 5.35 అడుగులు వేయించాలి.

మీరు భయపడాల్సింది అడుగుల సంఖ్యకు కాదు, వార్మ్ వంకరకు. చక్రం వ్యాసార్ధం 36 మి.మీ. వార్మ్ తిరిగేటప్పుడు పళ్ల దగ్గర అటూ ఇటూ కలిపి 0.01 మి.మీ. ఊగితే చాలు, నక్షత్రం 57 ఆర్క్ సెకన్లు ఊగుతుంది. పది నిమిషాలకోసారి వెళ్లి వస్తుంది. ఆ ఊపులో ఒక నిమిషంలో ఎక్కువలో ఎక్కువ 18 ఆర్క్ సెకన్లు జరుగుతుంది. 4 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న కెమెరాకు 50 మి.మీ. లెన్స్ పెడితే పిక్సెల్ 16.5 ఆర్క్ సెకన్లు. కాబట్టి నిమిషం ఎక్స్‌పోజర్‌కు చుక్క చుక్కగానే ఉంటుంది. 200 మి.మీ. లెన్స్ అయితే నాలుగు పిక్సెళ్ల గీత పడుతుంది. అప్పుడు 15 సెకన్లకు దిగండి, లేదా వార్మ్‌ను డయల్ గేజ్ పెట్టి నేరుగా కూర్చోబెట్టండి.

వార్మ్‌కూ చక్రానికీ మధ్య ఖాళీ పూర్తిగా తీసేయడానికి స్క్రూలతో గట్టిగా నొక్కితే ఒకచోట బిగుస్తుంది, ఇంకోచోట వదులవుతుంది, ఎందుకంటే చక్రమూ కాస్త ఊగుతుంది. వార్మ్ పలకను ఒక వైపు కీలు మీద పెట్టి, ఇంకో వైపు చిన్న స్ప్రింగుతో ఆనించండి. మిగిలిన ఖాళీని బరువుతో చంపవచ్చు: కెమెరాను తూర్పు వైపు కొంచెం బరువుగా ఉంచితే మోటారు ఎప్పుడూ ఎత్తుతూనే ఉంటుంది, పళ్లు ఒకే వైపు ఆని ఉంటాయి.

నెల్లూరు అక్షాంశం 14.4 డిగ్రీలు. అంటే తిరిగే ఇరుసు ఉత్తరం వైపు అంతే ఎత్తుకు, దాదాపు పడుకున్నట్టే ఉంటుంది. చల్లటి దేశాల కోసం వేసిన నమూనాల్లో ఇరుసు బాగా నిటారుగా ఉంటుంది, బరువు కింది బేరింగు మీద పడుతుంది. మనకు ఇరుసు అడ్డంగా ఉండి కెమెరా బరువు పక్కకు వంచుతుంది. రెండు బేరింగుల మధ్య కనీసం 6 సెం.మీ. దూరం పెట్టండి.

పాలిష్ పట్టే చిన్న రాళ్లను తిప్పే బల్లకు 40:1 గేరు కావాలి. మాకు తెలిసిన లేత్ అతను ఎం10 ట్యాప్‌తోనే (10 మి.మీ. బోల్టుకు మర కోసే పనిముట్టుతోనే) చక్రం కోసిస్తానంటున్నాడు. కోసింది 40 కాకుండా 41 పళ్లు వచ్చింది, ఒక చోట పన్ను సగమే ఉంది. – చీమకుర్తి

పద్ధతి మంచిదే, లెక్కలో తప్పింది. ఎం10 ట్యాప్ పిచ్ 1.5 మి.మీ. 40 పళ్లకు నడిమి వ్యాసం 40 × 1.5 ÷ 3.1416 = 19.1 మి.మీ. పళ్ల కొసలకు కొంత కలిపి అతను చక్రం బిళ్లను లేత్ మీద 20 మి.మీ. వ్యాసానికి తిప్పి ఉంటాడు. అది సరైన కొలతే. కానీ ట్యాప్ మొదట ముట్టుకునేది బయటి అంచును. 20 మి.మీ. చుట్టుకొలత 62.8, పిచ్‌తో భాగిస్తే 41.9. అంటే మొదటి గీతలు 42 పళ్లకు పడతాయి. లోతుకు వెళ్లేకొద్దీ చుట్టుకొలత తగ్గి, గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఏదో ఒక సంఖ్య దగ్గర కుదురుకుంటుంది. మధ్యలో ఒక పన్ను నలుగుతుంది.

ముందుగా గాట్లు వేయించండి. మిల్లింగ్ మిషన్ డివైడింగ్ హెడ్ (బిళ్లను సమాన భాగాలుగా తిప్పే పరికరం) నిష్పత్తి 40:1 కాబట్టి 40 గాట్లకు ప్రతిసారీ పిడి సరిగ్గా ఒక పూర్తి తిప్పు, రంధ్రాల ప్లేటు అవసరమే లేదు. సన్నటి స్లిట్టింగ్ కట్టర్‌ను 3 డిగ్రీలు వాల్చి, 0.6 మి.మీ. లోతు చాలు. తర్వాత బిళ్లను టూల్ పోస్టులో నిలువు పిన్ను మీద వదులుగా, కానీ ఊగకుండా పెట్టాలి. ట్యాప్ చక్‌కూ టెయిల్ స్టాక్ సెంటర్‌కూ మధ్య తిరుగుతుంది. తక్కువ వేగంతో, నెమ్మదిగా లోతు ఇస్తే గాట్లే ట్యాప్‌ను నడిపిస్తాయి.

మూడు ట్యాపుల సెట్‌లో మూడోదే వాడాలి. మొదటిది కొసకు సన్నబడి ఉంటుంది కాబట్టి పళ్లు ఏటవాలుగా కోస్తుంది. గాడులు నిటారుగా ఉన్న ట్యాప్ కావాలి, మెలితిరిగినది వద్దు. బిళ్ల ఇత్తడి లేదా గన్‌మెటల్. అల్యూమినియం పళ్లు ఉక్కు వార్మ్‌కు అంటుకుని చీరుకుపోతాయి. వార్మ్‌గా బజారు బోల్టు వాడకండి. ఇరుసుల దూరం 14.06 మి.మీ. వస్తుంది, అయినా బ్రాకెట్ రంధ్రాలను పొడుగ్గా కోసి అర మి.మీ. సర్దుబాటు ఉంచుకోండి. ట్యాప్ చుట్టు కోణం 60 డిగ్రీలు, అసలు వార్మ్‌ది 40. అందుకే ఈ చక్రం బల్ల తిప్పడానికి సరిపోతుంది గానీ పెద్ద బరువులు ఎత్తడానికి వాడకండి.

మీ దగ్గర ఇంకో శత్రువు రాతి బురద. ఒక్క చుక్క గ్రీజులో పడినా అది పళ్ల మధ్య సానపెట్టే పేస్టు అవుతుంది. బల్ల ఇరుసు చుట్టూ గొడుగులా వాలిన రేకు కట్టి, గేరును పూర్తిగా మూసిన పెట్టెలో ఉంచండి. మొదటి రెండు గంటలు సగం బరువుతో నడిపి, మూత తీసి గ్రీజు వేళ్ల మధ్య రుద్ది చూడండి. బంగారు రంగు మెరుపు కనిపిస్తే భయం లేదు, పళ్లు కుదురుకుంటున్నాయి. కిరోసిన్‌తో కడిగి కొత్త గ్రీజు పెట్టండి. రెండోసారీ అంతే మెరుపు ఉంటే వార్మ్ గరుకుగా ఉన్నట్టు. దాన్ని విప్పి లేత్ మీద తిప్పుతూ, చుట్టు సందులోకి 600 నంబరు ఎమెరీ గుడ్డను తాడులా మడిచి ఆనించి, నూనె వేసి నున్నగా తీయించండి.